సీటు బెల్టు పెట్టుకోని దారి

ఎస్టోనియా ఒడ్డున, బోర్డు మీద నాలుగు మాటలు:
బెల్టు తీసెయ్యండి. ఆగకండి.
ముందు బండికి దూరంగా ఉండండి.
చీకటి పడ్డాక రావద్దు.
కింద సుద్దముక్కతో నేటి మందం.
చూడనట్టు చూశాను.

చాన్నాళ్ళకి ఈ ఏడు గడ్డకట్టింది బాల్టిక్ సముద్రం.
పక్క సీట్లో రుమాలు చుట్టిన రొట్టె,
చిన్న సీసాలో ద్రాక్షారసం.
అవతల హీయుమా దీవిలో
లెయిదా ముసలమ్మ మంచం దిగక పదకొండు రోజులు.
పాస్టరుగారికి మూడు ఊళ్ళు, ఒక జ్వరం.
అందుకని నన్ను పంపారు,
గంట కొట్టేదాన్ని, బల్ల తుడిచేదాన్ని.

బెల్టు తీశాను. తలుపు గడియ వెయ్యలేదు,
మునిగితే దూకడానికి.
కట్టుకోకపోవడమే క్షేమం అని
ఇంకే దారిలోనూ వినలేదు నేను.

మా నాన్న ఎండెల్ ఒకప్పుడు ఈ దారికి కాపలా.
తెల్లారక ముందే స్లెడ్జి తోసుకుంటూ వెళ్ళేవాడు.
గునపంతో కన్నం, కొలబద్ద, ఒక అంకె,
పెన్సిల్ ముక్కతో నోటుబుక్కులో.
ఆ తర్వాతే టోపీ తీసి తల వంచేవాడు.
ముందు ప్రార్థన కదా చెయ్యాలి అన్నానొకసారి.
"మంచు ఆయనదే, బద్దా ఆయనదే" అని
ముక్కు చీదుకున్నాడు.

చర్చికి తాళం పడిన రోజులవి.
మా ఇంట్లో ప్రార్థనకు గొంతు ఉండేది కాదు,
పెదాలు ఉండేవి.

కొలిచిన చోటల్లా జునిపెర్ కొమ్మ పాతేవాడు,
పొగమంచులో ఎవరూ దారి తప్పకుండా.
చేతులకు ఎప్పుడూ ఆ వగరు వాసన,
ఆయన తుంచి పెట్టిన ముక్కకీ అదే.

అంత కొలిచినా,
నా పదహారో ఏట, మార్చిలో,
అన్న మీకెల్‌ని, గుర్రాన్ని, కట్టెల బండిని
ఒక పగులు మింగింది.
అంకె నోటుబుక్కులో ఉంది: ముప్పై నాలుగు సెంటీమీటర్లు.
చాలినంత.

మర్నాడు నాన్న కొమ్మలు మోపు కట్టుకుని బయల్దేరాడు.
గుమ్మంలో అడ్డం నిలబడ్డాను.
ఎవర్ని నమ్ముకుని వెళ్తున్నావో చెప్పు, అన్నాను.
చెప్పలేదు.
"అవతల డాక్టరు లేడు కదమ్మా" అన్నాడు.

పంతొమ్మిదేళ్ళు నేను చేతులు జోడించలేదు.
ఏదో వెలుగు కనబడి తిరిగొచ్చానని అబద్ధం చెప్పను.
నాన్న పోయాక ఆ నోటుబుక్కులు తిరగేస్తుంటే
మీకెల్ పోయిన మర్నాటి పేజీలో
అంకెలన్నీ వణికి ఉన్నాయి.
వణికినా, అన్నీ ఉన్నాయి.
ఒక్క కన్నమూ వదల్లేదు.
అడుగున చిన్నగా: నువ్వు ఉన్నావా
ప్రశ్న గుర్తు పెట్టలేదు.
ఆ పెట్టని గుర్తు దగ్గరే
నా విశ్వాసం ఇప్పటికీ కాపురం ఉంటోంది.

సగం దారిలో మంచు మూలిగింది.
మూలిగే మంచు మోస్తుంది,
మౌనంగా ఉన్నదాన్ని నమ్మకు, అనేవాడు నాన్న.
దేవుడి దగ్గరికొచ్చేసరికి నాకిది తిరగబడింది.
ఆయన మౌనంగానే మోస్తాడు,
మూలిగేది నేను.

పొగమంచు దిగింది.
ముందు ఒడ్డు లేదు, వెనక ఒడ్డూ లేదు.
కనబడేది ఒకటే కొమ్మ.
దాన్ని చేరేసరికి ఇంకోటి.
ఎవరో కుర్రాడు పాతి ఉంటాడు ఈ పొద్దున్న,
చలిని తిట్టుకుంటూ.
అతనికి నా పేరు తెలీదు.

పడవ దిగిన ఆ జాలరికి
నీళ్ళ మీద నాలుగడుగులు దక్కాయి.
నాకు గంటకు ఇరవై కిలోమీటర్లు.
ఆగకూడదు, పరుగెత్తకూడదు.

లెయిదా కళ్ళు తెరిచి
ఎవరు పంపారని అడగలేదు, ఎలా వచ్చావనీ అడగలేదు.
దీవి మనిషి కదా,
"ఎంత మందం ఉంది?" అంది.

ముప్పై నాలుగు, అన్నాను.
నా గొంతు నాకే వినబడలేదు.

"చాలు" అని
రొట్టె కోసం నోరు తెరిచింది.